అగస్టీన్ జీవితం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రాతప్రతి చదివాను. తేదీలు సరిగ్గా ఉన్నాయి, వాక్యం కూడా చదివించేలా ఉంది. పేచీ ఒక్కటే. నాలుగు, అయిదు శతాబ్దాల్లో ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా బతికిన మనిషి అగస్టీన్, నువ్వేమో మొదటి పేజీలోనే ఆయన తల చుట్టూ వెలుగు గీసేశావు. ఇక చివరిదాకా ఆయన గోడమీద పటంలోంచి దిగిరాలేదు. "మహా వేదాంతి", "పాశ్చాత్య క్రైస్తవానికి మూలస్తంభం" లాంటి మాటలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి కోసం ఎవరూ నీ పుస్తకం కొనరు. మన చర్చిల్లో అగస్టీన్ అనగానే తల్లి మోనికా కన్నీటి ప్రార్థన ఒక్కటే చెబుతారు. ఆయన పేరే వినని పాఠకులు చాలామంది. వీళ్లిద్దరికీ నువ్వు ఒక మనిషిని చూపించాలి.

మిలాన్ తోటలో ఆయన మనసు క్రీస్తు వైపు తిరిగిన ఘట్టానికి నువ్వు బోలెడు పేజీలిచ్చావు. 386 ఆగస్టు, అంజూరపు చెట్టు, పక్కింటి నుంచి పిల్లల గొంతు, బైబిల్లోని పౌలు పత్రిక తెరవడం. అందరూ అక్కడే ఆగుతారు. తన ఆత్మకథ 'కన్ఫెషన్స్'లో ఆయనే అంత బాగా రాసుకున్నాక మనం మళ్లీ రాసి ఏం లాభం? దాన్ని రెండు పేజీలకు కుదించు. ఆ మిగిలిన చోటు 391లో హిప్పోలో జరిగినదానికివ్వు. నువ్వు దాన్ని ఒక్క పేరాలో దాటేశావు.

హిప్పో రేగియస్ అంటే ఇప్పటి అల్జీరియాలోని అన్నాబా. రేవు పట్టణం. అప్పటికి అగస్టీన్ తన సొంతూరు తగాస్తేలో స్నేహితులతో ప్రశాంతంగా చదువుకుంటూ ఉన్నాడు. బిషప్ లేని ఊళ్ల వైపు వెళ్లేవాడు కాదు, జనం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెడతారని భయం. హిప్పోలో వలేరియస్ అనే ముసలి బిషప్ ఉన్నాడు కదా, ఫర్వాలేదనుకుని వెళ్లాడు. ఆ వలేరియస్‌ది గ్రీకు, లాటిన్‌లో ధారాళంగా మాట్లాడలేడు. తనకి సాయంగా ఒక గురువు, అంటే చర్చి ప్రీస్ట్, కావాలని గుడిలో అన్నాడో లేదో, జనం అగస్టీన్‌ను పట్టుకుని ముందుకు తోసేశారు. ఆయన ఏడ్చేశాడు. పక్కనున్న కొందరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారట. ఉత్త గురువు పదవే ఇచ్చారని బాధపడుతున్నాడనుకుని, బిషప్ పదవి కూడా ఎంతో దూరంలో లేదులెమ్మని ఓదార్చారట! ఇది ఆయన శిష్యుడు పొసిడియస్ రాసిపెట్టిన విషయం. ఇలాంటిది చేతిలో ఉంచుకుని "గురువుగా అభిషిక్తుడయ్యాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలాగమ్మా?

ఆ రోజు ముఖ్యమైనదెందుకో చెబుతాను. అంతకుముందు ఆయన వృత్తి మాటలు అమ్ముకోవడం. కార్తేజ్‌లో, రోమ్‌లో, మిలాన్‌లో వక్తృత్వం నేర్పిన పంతులు. రోమ్‌లో పిల్లలు ఫీజు కట్టే రోజు దగ్గరపడగానే మూకుమ్మడిగా ఇంకో పంతులు దగ్గరికి జారుకునేవాళ్లట. మిలాన్‌లో చక్రవర్తి ముందు స్తోత్రపాఠం చదవాల్సిన రోజున ఎంత టెన్షన్ పడ్డాడో కన్ఫెషన్స్ ఆరో భాగంలో ఉంది. తాను చెప్పబోయేవి అబద్ధాలు, వినేవాళ్లకూ అవి అబద్ధాలని తెలుసు, అయినా మెచ్చుకుంటారు. ఆ దిగులుతో వీధిలో నడుస్తుంటే తప్పతాగి నవ్వుకుంటున్న బిచ్చగాడొకడు కనిపించాడు. వాడికున్న సంతోషం కూడా నాకు లేదే అనుకున్నాడు. ఆ మనిషే ఇప్పుడు హిప్పోలో ఓడ సరంగులకీ, రైతులకీ, అక్షరం ముక్క రానివాళ్లకీ వాక్యం చెప్పాలి. వెంటనే ఒప్పుకోలేదు. లేఖనాలు చదువుకోవడానికి పాస్కా (ఈస్టర్) పండుగ దాకా గడువిమ్మని వలేరియస్‌కి ఉత్తరం రాశాడు. నా దృష్టిలో రచయితగా ఆయన అక్కడ పుట్టాడు. చక్రవర్తి పోయి జనం ఎదురుగా వచ్చారు. నీ పుస్తకానికి వెన్నెముక అదే.

ఇది నమ్మకం కుదరాలంటే 400 ప్రాంతంలో ఆయన దెయోగ్రాతియాస్‌కి రాసిచ్చిన చిన్న పుస్తకం చదువు. క్రైస్తవం గురించి తెలుసుకుందామని కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి పాఠాలు ఎలా చెప్పాలన్నది విషయం. దెయోగ్రాతియాస్ కార్తేజ్‌లో డీకన్, అంటే బిషప్‌కి సాయంగా ఉండే చర్చి సేవకుడు. నా పాఠం నాకే విసుగ్గా, చప్పగా ఉంటోందని మొరపెట్టుకున్నాడు. అగస్టీన్ ముందు సిద్ధాంతం ఎత్తుకోలేదు. నాకూ నా ప్రసంగం దాదాపు ఎప్పుడూ నచ్చదు అన్నాడు. లోపల మెరుపులా తట్టింది నోట్లోంచి వచ్చేసరికి ఈడ్చుకుంటూ వస్తుందన్నాడు. తర్వాత అన్నీ పనికొచ్చే సంగతులే. వచ్చినవాడు పల్లెటూరివాడా, బాగా చదువుకున్నవాడా, వ్యాకరణ బడిలోంచి వచ్చి మాట తప్పు పోతే నవ్వేవాడా, ముందు కనుక్కో. మధ్యలో ఆవలిస్తే ఏదైనా సరదా మాట చెప్పు, లేదా కూర్చోమను. అప్పట్లో ఆఫ్రికా గుళ్లలో చెప్పేవాడు కూర్చునేవాడు, వినేవాళ్లు నిలబడేవాళ్లు. కాళ్లు లాగుతున్నవాడికి కుర్చీ వెయ్యమంటున్నాడన్నమాట. చెప్పిందే చెప్పడం విసుగనిపిస్తే, మనం వందసార్లు చూసిన ఊరిని మొదటిసారి వచ్చిన స్నేహితుడికి చూపిస్తున్నప్పుడు మనకీ అది కొత్తగా అనిపించదా అని అడుగుతాడు. త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న సిద్ధాంతం మీద, పదిహేను భాగాల గ్రంథం రాసిన బుర్ర ఇది. ఈ పుస్తకం నీ రాతప్రతిలో ఎక్కడా లేదు. నాకు అన్నిటికన్నా వెలితి అనిపించింది ఇదే.

దీని పక్కనే సిజేరియా సంఘటన పెట్టు. ఇప్పటి షెర్షెల్, అది కూడా అల్జీరియా తీరమే. ఏటా ఫలానా రోజులు రాగానే ఆ ఊరివాళ్లు రెండు జట్లుగా విడిపోయి రాళ్లతో కొట్టుకునేవాళ్లు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడి, ప్రాణాలు పోయేదాకా. 418లో అక్కడికి వెళ్లినప్పుడు దాన్ని మానిపించాలని మాట్లాడాడు. జనం కేకలు వేసి మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చూసి పని జరిగిందని అనుకోలేదట, వాళ్లు ఏడవడం మొదలుపెట్టాకే అనుకున్నాడట. ఎనిమిదేళ్లు దాటినా మళ్లీ అలాంటిది జరగలేదని తర్వాత రాసుకున్నాడు. మిలాన్ స్తోత్రపాఠాన్నీ దీన్నీ ఎదురెదురు పేజీల్లో ఉంచితే నువ్వు వ్యాఖ్య రాయక్కర్లేదు.

ఉద్యోగంతో టైమ్ దొరకట్లేదని రాశావు. ఓదార్పు మాటలు నాకు చేతకావు కానీ, ఆయన దినచర్య కనుక్కో. బిషప్ అంటే ఆ రోజుల్లో న్యాయమూర్తి కూడా. పొలం గట్లు, ఆస్తి పంపకాలు, అప్పులు. పొద్దున్నుంచి భోజనం వేళ దాకా, ఒక్కోసారి రోజంతా పస్తుండి తగవులు తీర్చేవాడని పొసిడియస్ అంటాడు. రాత రాత్రిపూట. రాత అన్నానే గానీ ఎక్కువగా చెప్పి రాయించడమే. చకచకా రాసుకునే లేఖకులుండేవాళ్లు, గుడిలో చెప్పిన ప్రసంగాలూ అలాగే నిలిచాయి. చివర్లో ఆయనే లెక్క చూసుకుంటే 93 రచనలు, 232 భాగాలు తేలాయి. ఉత్తరాలు, ప్రసంగాలు అందులో కలపలేదు. అన్నీ ఏకబిగిన రాలేదు. లేఖనాలు ఎలా చదవాలో చెప్పే గ్రంథాన్ని మూడో భాగం మధ్యలో వదిలేసి, ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ తీసి పూర్తిచేశాడు. త్రిత్వం గ్రంథాన్నైతే, ఎంతకీ తెమలడం లేదని ఆత్రగాళ్లు పూర్తికాకముందే ఎత్తుకెళ్లి కాపీలు తీశారు. ఒళ్లుమండి ఇక రాయనని మానేశాడు. నలుగురూ బతిమాలితే మళ్లీ పట్టుకున్నాడు.

ఆయన పెద్ద గ్రంథం 'సిటీ ఆఫ్ గాడ్' మీద నీ అధ్యాయం బరువెక్కువైంది. 22 భాగాల సారాంశం ఎందుకు? 410లో గోతుల రాజు అలారిక్ సైన్యం రోమ్‌ను దోచుకుంది. పారిపోయి ఆఫ్రికాకి వచ్చిన పెద్దింటివాళ్లు, పాత దేవుళ్లను వదిలేసినందుకే ఇలా జరిగిందని నిలదీశారు. మార్సెలినస్ అనే అధికారి, దీనికి జవాబు రాయమని అగస్టీన్‌ను కోరాడు. 413లో మొదలైంది. అదే ఏడాది ఆ మార్సెలినస్‌ను రాజద్రోహం మోపి చంపేశారు. అడిగిన మనిషి పోయాక పదమూడేళ్ల పాటు జవాబు చెబుతూనే ఉన్నాడు. ఈ కథ చెప్పు, వాదం దానంతటదే వెంట వస్తుంది.

ఇక నువ్వు మొహమాటపడి వదిలేసినవి. పెళ్లి లేకుండా అగస్టీన్‌తో దాదాపు పదిహేనేళ్లు కాపురం చేసి, అదెయోదాతుస్ అనే కొడుకుని కని, ఆయనకి వేరే సంబంధం కుదరగానే ఆఫ్రికాకి పంపేయబడ్డ ఆవిడ ఉంది. గుండె కోసినట్టయి నెత్తురోడిందని రాసుకున్నాడు. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆవిడ పరువు కాపాడటానికేనని కొందరు సర్దిచెబుతారు. నాకు ఆ మాట రుచించదు. ఆఫ్రికాలో ప్రధాన సంఘం నుంచి చీలిపోయిన క్రైస్తవులు, దొనాతిస్టులు. వాళ్ల సంగతి ఇంకా ఘోరం. మొదట్లో ఎవర్నీ బలవంతంగా సంఘంలోకి లాగకూడదు, మాటతోనే గెలవాలి అన్న మనిషి, తర్వాత చక్రవర్తి చట్టాల భయంతో మందలు మందలుగా వచ్చి చేరుతుంటే చూసి మనసు మార్చుకున్నాడు. విందుకి అతిథుల్ని బలవంతం చేసి తీసుకురమ్మన్న సువార్త ఉపమానాన్ని దానికి సాక్ష్యంగా వాడాడు. ఆ వాదాన్ని తర్వాతి శతాబ్దాలు దేనికి వాడుకున్నాయో నీకు తెలుసు. ఎదురుగా నిలబడ్డవాడి కాలినొప్పి కూడా కనిపెట్టిన కంటికి, అవతలి సంఘం మనిషి కనబడకుండా పోయాడు. ఇది రాస్తే విశ్వాసులు నొచ్చుకుంటారని భయపడకు. డెబ్బై దాటాక తన పుస్తకాలన్నీ ముందేసుకుని, ఇక్కడ తొందరపడ్డాను, ఇక్కడ సరిగా చెప్పలేదు అని వరసగా రాసుకున్న మనిషాయన. నువ్వు నాలుగు మాటలంటే తట్టుకోలేడా?

చావు గురించి నువ్వు రాసింది బాగుంది, ముట్టుకోకు. 430 ఆగస్టు, వాండల్స్ అనే తెగ హిప్పోని ముట్టడించడం, మంచం పక్క గోడకి అంటించిన పశ్చాత్తాప కీర్తనలు. విశేషణాలు మాత్రం తీసెయ్.

ఒక పని మిగిలింది. 1981లో యోహానెస్ దివ్యాక్ అనే పండితుడు అంతవరకూ ఎవరికీ తెలియని అగస్టీన్ ఉత్తరాలు అచ్చువేయించాడు. వాటిలో స్నేహితుడు అలీపియస్‌కి రాసిన పదో ఉత్తరం సంపాదించు. ముసలితనంలో రాసింది. బానిస వ్యాపారులు పల్లెల మీద పడి మనుషుల్ని ఎత్తుకొచ్చి హిప్పో రేవులో ఓడలెక్కిస్తున్నారు. గుడివాళ్లు దాదాపు 120 మందిని విడిపించారు. వాళ్లలో ఒక అమ్మాయిని, నిన్నెలా అమ్మారమ్మా అని ఆయనే అడిగాడు. అమ్మానాన్నల ఇంట్లోంచే ఎత్తుకొచ్చారంది. ఆ వ్యాపారుల్ని పట్టే చట్టం ఉంది, కానీ దాని ప్రకారం సీసపు కొరడాలతో కొడితే చచ్చిపోతారేమోనని అక్కడా సంకోచిస్తాడు. నాకైతే నీ పుస్తకం ఈ ఉత్తరంతో మొదలుపెట్టొచ్చనిపిస్తోంది. చదివి నువ్వే తేల్చుకో. హిప్పో అధ్యాయం తిరగరాశాక అదొక్కటే పంపు, మొత్తం ఇప్పుడే వద్దు.

మాస్టారు