పాత స్క్రోల్ సా: బ్లేడు బిగించి కోసి చూడకుండా డబ్బు ఇవ్వకండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హన్మకొండ, హైస్కూల్లో టీచర్‌ని. రెండేళ్లుగా ఇంట్లో చిన్న చిన్న చెక్కపనులు నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ఇంటి పేర్ల బోర్డులు, పిల్లలకు అక్షరాల పజిళ్లు చేయాలని ఉంది. అందుకు స్క్రోల్ సా కావాలి, సన్న బ్లేడు కిందా మీదా ఆడుతూ వంపులు కోసే కరెంటు మిషన్. కొత్తది కొనే స్తోమత లేదు, సెకండ్ హ్యాండ్‌లో రెండు దొరికాయి. కరీంనగర్‌లో ఉన్నది 16 అంగుళాలది, రెండేళ్ల కిందటిది, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. దానికి పిన్ను బ్లేడ్లే పడతాయట, 7 వేలు చెప్తున్నారు. ఇంకొకటి హైదరాబాద్‌లో, ఎవరో అమెరికా నుంచి తెచ్చుకున్న డివాల్ట్ డీడబ్ల్యూ 788, 20 అంగుళాలది. టేబుల్ మీద తుప్పు ఉంది, 18 వేలు అంటున్నారు. ఇంట్లో అందరూ కొత్తగా కనిపించేదే తీసుకో అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ఈ ఒక్క విషయంలో ఇంట్లోవాళ్ల మాట పక్కన పెట్టండి. మీరు కోయబోయేవి తెలుగు అక్షరాలు, అందుకే నేను మిషన్ వయసు కన్నా ముందు అది ఏ బ్లేడు పడుతుందో చూస్తాను.

పిన్ను బ్లేడుకు రెండు చివర్లా అడ్డంగా చిన్న పుల్ల ఉంటుంది, మిషన్‌లో ఉన్న కొక్కేనికి తగిలిస్తే చాలు, స్క్రూ బిగించే పని ఉండదు. కొత్తవాళ్లకు సుఖమే. కానీ అక్షరం లోపలి ఖాళీని తీయాలంటే ముందు అక్కడ బెజ్జం వేసి, బ్లేడును అందులోంచి దూర్చి, మళ్లీ మిషన్‌కు బిగించి కోయాలి కదా. పిన్నుతో సహా దూరాలంటే ఆ బెజ్జం 5, 6 మిల్లీమీటర్లు ఉండాల్సి వస్తుంది. పిన్ను లేని సాదా బ్లేడుకు, సన్న నంబరైతే, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం చాలు. ఇప్పుడు మన ఇంటి పేర్లు చూడండి, నిలయం, సదనం, నివాసం, అన్నీ సున్నతోనే ముగుస్తాయి. ‘ని’ మీద గుడి కూడా ఉంటుంది. రెండంగుళాల అక్షరాల బోర్డులో ఆ గుడి లోపలి ఖాళీ ఎంత ఉంటుంది? అక్కడ ఆరు మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే అక్షరం వంపే పోతుంది. పైగా బాగా సన్న రకాలు పిన్ను బ్లేడ్లలో దొరకవు, మెలిక తిరిగే చోట అవి చెక్కను నలిపేస్తాయి.

కరీంనగర్ వాళ్లను ఒక్క మాట అడగండి, సాదా బ్లేడ్లు పట్టే అడాప్టర్లు డబ్బాలో ఏమైనా వచ్చాయా అని. కొన్ని మోడళ్లతో రెండు చిన్న ఇనుప ముక్కలు, ఒక అలెన్ కీ ఇస్తారు. అవేమిటో తెలియక చాలామంది డబ్బాతో పాటే పక్కన పడేస్తారు. అవి దొరికితే ఆ 7 వేల మిషన్ కూడా ఆలోచించదగ్గదే, ఎందుకంటే 16 అంగుళాలు మీకు తక్కువేం కాదు. బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా ఉండే ఖాళీ అది, అడుగు బోర్డును అందులో హాయిగా తిప్పుకోవచ్చు. అవి దొరకకపోతే వదిలేయండి.

ఇక హైదరాబాద్ మిషన్. దాని టేబుల్ పోత ఇనుము, పైపైన తుప్పు అయితే భయపడొద్దు, నూనె వేసి గరుకు కాగితంతో రుద్ది మైనం పూస్తే నున్నగా వస్తుంది. అది సాదా బ్లేడ్లే పడుతుంది, బ్లేడు నిమిషానికి 400 నుంచి 1,750 సార్లు దాకా కిందా మీదా ఆడేలా వేగం మార్చుకోవచ్చు. కానీ అమెరికాలో అమ్మినదైతే 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ముందు మిషన్ మీద వోల్టులు రాసి ఉండే ప్లేటు చదవండి. అది తీసుకునేది 1.3 ఆంపియర్లే, అంటే సుమారు 156 వాట్లు, కాబట్టి వోల్టులు తగ్గించే 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ధారాళంగా సరిపోతుంది. ఆ ఖర్చు బేరంలోనే లెక్కేసుకోండి. అమ్మేవాళ్ల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాంతో సహా అడగండి.

వెళ్లేటప్పుడు సంచిలో నాలుగు సాదా బ్లేడ్లు, చిన్న మూలమట్టం, అడితిలో దొరికే టేకు తుక్కు ముక్క ఒకటి, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఒకటి పెట్టుకుని వెళ్లండి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే నా మొదటి మిషన్ నేను నడిపించి చూడకుండా కొన్నాను, ఆ రోజు కరెంటు లేదన్నారు, సరే మంచి మనుషులే కదా అని డబ్బు ఇచ్చి ఆటోలో వేసుకుని వచ్చాను. తీరా ఇంట్లో బిగిస్తే బ్లేడును పట్టి ఉంచే పై క్లాంపులో మర అరిగిపోయి ఉంది, బ్లేడు బిగించడం, టక్కుమని ఊడిపోవడం, ఒక్క ఆదివారంలో డజను బ్లేడ్లు విరిగాయి. చివరికి లేత్ మిషన్ షాపులో కొత్త మర కోయించుకున్నాను. కరెంటు లేకపోతే ఇంకో రోజు వెళ్లండి.

అక్కడ మొదట ప్లగ్ తీసి ఉండగానే మిషన్ పై చేతిని, అంటే బ్లేడు పై కొసను పట్టే కడ్డీని, పట్టుకుని అటూ ఇటూ కదపండి. పక్కలకు ఊగితే బేరింగులు, బుష్షులు పోయినట్టు. తర్వాత మీ చేతులతోనే బ్లేడు బిగించండి, అమ్మేవాళ్లను బిగించనివ్వకండి. వేలితో మీటితే తీగలా ఖంగుమనాలి, పక్కకు నొక్కితే మూడు మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. ఐదు నిమిషాలు నడిపాక కూడా ఆ బిగువు అలాగే ఉందా? జారిపోతుంటే క్లాంపు సంగతి చూడాల్సిందే. వేగం బటన్‌ను మెల్లగా కింది నుంచి పై దాకా తిప్పండి, మధ్యలో ఎక్కడా గుంజుకోకూడదు. వెనక నుంచి టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు వస్తే అది కీళ్లలో అరుగుదల, బాగు చేయించొచ్చు గానీ ఈ డివాల్ట్ మోడల్ విడిభాగాలు ఇక్కడ షాపులో అడగ్గానే దొరకవు, ధర బాగా తగ్గిస్తే తప్ప తీసుకోకండి. వణుకు చూడ్డానికి టేబుల్ మీద ఐదు రూపాయల బిళ్ల నిలబెట్టండి. పడిపోతే వెంటనే మిషన్‌ను తప్పు పట్టకండి, కింద ఉన్న బల్ల తేలికదైతే ఎంత మంచి మిషనైనా వణుకుతుంది, బరువైన బల్లకు బోల్టులతో బిగిస్తే చాలావరకు పోతుంది.

మూలమట్టంతో బ్లేడు టేబుల్‌కు సరిగ్గా నిలువుగా ఉందా చూశాక, టేకు ముక్కలో కొద్దిగా గాటు పెట్టి, మిషన్ ఆపి, ముక్కను అటు నుంచి ఇటు తిప్పి బ్లేడు వెనక వైపు నుంచి ఆ గాటును తొడగండి. సులువుగా దూరితే నిలువు సరిగ్గా ఉన్నట్టు. దూరకపోయినా టేబుల్ సర్దుకుంటే సరిపోతుంది, అది బేరం మానుకునేంత లోపం కాదు.

ఇంకొకటి, గీత మీద తిన్నగా తోస్తున్నా కోత పక్కకు పోతుంది. మిషన్ చెడిపోయిందని అనుకోకండి. బ్లేడు తయారీలో ఒక వైపు అంచు కాస్త పదునుగా మిగులుతుంది, అందుకే ఎక్కువ బ్లేడ్లు కుడివైపు లాగుతాయి. ముక్కను కొంచెం ఏటవాలుగా తోయడం రెండు మూడు రోజుల్లో చేతికి వచ్చేస్తుంది.

ఈ పరీక్షలన్నీ నిలబడితే హైదరాబాద్ మిషన్ తీసుకోండి. నిలబడకపోతే ఆగండి, ఇంకో మంచిది దొరికేదాకా కొన్ని వందల్లో వచ్చే చేతి ఫ్రెట్ సాతో, అంటే చట్రానికి సన్న బ్లేడు బిగించిన చేతి రంపంతో, సున్నలు కోయడం అలవాటు చేసుకోండి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే జిగ్ సా చూపిస్తారు, అది చేత్తో పట్టుకుని నడిపే వేరే మిషన్, మీ పనికి పనికిరాదు.

ప్రశ్న: మాది నిర్మల్. పొణికి చెక్కను స్క్రోల్ సా మీద కోయొచ్చా? ఏ బ్లేడు వాడాలి?

జవాబు: నిక్షేపంగా కోయొచ్చు. మీ ఊరి బొమ్మలు చేసే చెక్కే అది, చాలా మెత్తన, తేలిక. అదే ఇబ్బంది కూడా, కొంచెం గట్టిగా తోస్తే కోత గీత దాటి పోతుంది. వేగం తగ్గించండి, 3 నంబరు లేదా 5 నంబరు బ్లేడు, కింద పళ్లు కొన్ని తిరగేసి ఉండే రివర్స్ టూత్ రకం తీసుకోండి, అడుగువైపు అంచులు చీలకుండా ఉంటాయి. చెక్క మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండేట్టు చూసుకోండి. ముక్క పైన కాగితపు టేపు అంటించి దాని మీదే బొమ్మ గీసుకోండి. మాస్కు మాత్రం మరచిపోకండి, ఆ సన్న పొట్టు గాల్లో చాలాసేపు తేలుతుంది.