వంద శాతం వసూలైన బ్రాంచికి పోయేముందు

నాయనా,

ఆదోని పక్క మైక్రోఫైనాన్స్ బ్రాంచికి, అదే పల్లెల్లో చిన్న అప్పులిచ్చి వారం వారం వసూలు చేసే బ్రాంచికి, నిన్ను ఆడిట్‌కు వేశారని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. వసూలు వంద శాతం ఉంది కాబట్టి రెండు రోజుల్లో ముగించుకుని వస్తానన్నావంట. అది విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నువ్వు పోయేది ఫిబ్రవరిలో. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెల్లో వరుసగా తాళాలు వేసిన ఇళ్లు కనబడతాయి. జనం సుగ్గికి పోయింటారు, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. చాలామంది ఉగాదికి గానీ రారు. మరి తాళం వేసిన ఇంటి కిస్తీ వారం వారం ఎవరు కడుతున్నారు? ముందు అది తేల్చుకో. ఫోన్‌పే చేస్తున్నారని మేనేజర్ అంటాడు. నిజమే కావచ్చు. ఏ నంబరు నుంచి వచ్చిందో చూడు. పదిమంది కిస్తీ ఒకే నంబరు నుంచి వస్తుంటే ఆ నంబరు ఎవరిదో కనుక్కో. అప్పు తీసుకున్న గుంపును నడిపే సెంటర్ లీడర్‌ది కావచ్చు, కిస్తీలు వసూలు చేసే ఫీల్డ్ ఆఫీసర్ తమ్ముడిది కావచ్చు.

నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. అనంతపురం జిల్లాలో ఒక బ్రాంచి, సంస్థ పేరు వద్దులే. సభ్యుల లోన్ కార్డులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. పద్నాలుగు వారాల కిస్తీలు, ఒక్క కొట్టివేత లేదు. ‘కార్డుల నిర్వహణ చాలా బాగుంది’ అని రిపోర్టులో మెచ్చుకున్నాను కూడా. అవన్నీ నేను రావడానికి ముందు రాత్రి ఒకే పెన్నుతో కూర్చుని రాసినవని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. నిజంగా వాడే కార్డు నలిగి ఉంటుంది, నూనె మరక ఉంటుంది, ఒక వారం నీలం సిరా, ఒక వారం నలుపు.

అందుకే ఇంటికి పో. ఏ సెంటర్‌కు పోతున్నావో ముందురోజు చెప్పొద్దు, ఫీల్డ్ ఆఫీసర్ బండెక్కి పోవద్దు. పోగానే ‘ఎంత అప్పుందమ్మా’ అని అడిగితే నీళ్లిచ్చి పంపిస్తారు. ‘కార్డు నీ దగ్గరే ఉంటుందా?’ అని అడుగు. ‘లీడరక్క దగ్గర ఉంది సార్’ అన్నదంటే అక్కడే కూర్చో. ఏటీఎం కార్డు కూడా లీడరక్క దగ్గరే ఉందంటే ఆ అప్పు ఎవరు వాడుకున్నారో సగం తెలిసినట్టే. ఇదంతా ఇరుగుపొరుగు వినేటట్టు అడగొద్దు. నువ్వు ఆడిటర్‌వని వాళ్లకు తెలీదు, బాకీకి వచ్చావనుకుంటారు.

ఇక లెక్కలు. బ్రాంచిలో బాకీ మొత్తం 4 కోట్లు, కిస్తీ తప్పి ముప్పై రోజులు దాటిన ఖాతాల్లో మిగిలిన అసలు 12 లక్షలు అనుకో. పార్, అంటే మొత్తం బాకీలో ఇట్లా ప్రమాదంలో పడిన వాటా, 3 శాతం. ఆర్నెల్లలో కొత్త లోన్లు కుమ్మరించి బాకీని 6 కోట్లు చేస్తే, అదే 12 లక్షలు 2 శాతమవుతుంది. ఒక్క మొండిబాకీ తగ్గకుండానే బ్రాంచి బాగుపడినట్టు కనబడుతుంది. అందుకని ఒక నెలలో ఇచ్చిన లోన్లను విడిగా తీసుకుని, అవి ఇప్పుడెలా ఉన్నాయో వెంబడించు. పాత లోన్ మూసిన రోజే, లేదా మర్నాడే కొత్తది ఇచ్చిన ఖాతాల జాబితా కూడా తీయించు. ఓవర్‌డ్యూలను (గడువు దాటినా కట్టని కిస్తీలను) కప్పిపెట్టేది ఎక్కువగా అక్కడే.

2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన నీకు తెలిసిందే. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోన్. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ సగం సరిపెట్టడానికి ఆదాయాన్ని పెంచి రాస్తారు. ఒకే సెంటర్‌లో టైలరుకూ, కూలికీ, గొర్రెలు కాసే ఆమెకూ అదే ఆదాయం రాసి ఉంటే ఇంటికి పోయి వంటగది చూసిరా.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ రాష్ట్ర ఆర్డినెన్స్ వచ్చాక వసూళ్లు ఎట్లా కుప్పకూలాయో నేను దగ్గరుండి చూశాను. అంతకు ముందు నెల దాకా కాగితాల మీద వసూళ్లు దివ్యంగా ఉండేవి. ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చాయని మాలాంటి వాళ్లకు తెలుసు. రాసింది మాత్రం తక్కువ.

ఒక మాట ఫీల్డ్ ఆఫీసర్ గురించి. పాతికేళ్లు కూడా ఉండవు పిల్లోడికి. ఒక్క కిస్తీ రాకపోతే రాత్రి దాకా బ్రాంచిలో నిలబెడతారని సొంత డబ్బు వేసి కట్టేస్తాడు. వచ్చే వారం ఇంకోరి కిస్తీ తెచ్చి ఆ లోటు పూడుస్తాడు. దాన్ని తప్పని రాయి, దాచొద్దు. దాంతోపాటు టార్గెట్ ఎవరు పెట్టారు, ఓవర్‌డ్యూ చూపిస్తే ఏమంటారు అన్నది కూడా రాయి. నా రిపోర్టుల్లో ఆ రెండో భాగం ఎప్పుడూ లేదు.

పొద్దున బ్రాంచి తెరవగానే ముందు క్యాష్ లెక్కపెట్టు, టీ ఆ తర్వాత. రెండు రోజులు కాదు, అయిదు రోజులు అడుగు.

మీ పెదనాయన,
కర్నూలు