నల్ల, తెల్ల పిల్లల్ని వేరు వేరు స్కూళ్లలో పెట్టడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అమెరికా స్కూళ్లలో ఆ విభజన పోయింది కదా, ఇంకా దాని గురించి ఎందుకు మాట్లాడతారు?

పోలేదండీ. నేను కళ్లారా చూసిందే చెప్తాను.

మేముండే చోట కొత్త స్కూల్ కట్టాక, ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో మళ్లీ తేల్చాల్సి వచ్చింది. మెయిన్ రోడ్డుకి అవతల అపార్ట్‌మెంట్లు, అక్కడ ఎక్కువగా నల్లజాతివాళ్లు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు అద్దెకుంటారు. ఇవతల మా సొంత ఇళ్లు. ఆ పిల్లల్ని మా స్కూల్లో కలుపుదామని స్కూల్ బోర్డు ప్రతిపాదన పెడితే, మీటింగ్‌కి మావైపు నుంచి హాలు పట్టనంత మంది వచ్చారు. ఒక్కరూ జాతి మాట ఎత్తలేదు. ట్రాఫిక్ పెరుగుతుందన్నారు, క్లాసులు కిక్కిరిసిపోతాయన్నారు, ఇళ్ల రేట్లు పడిపోతాయన్నారు. అలా మాట్లాడినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లే. చివర్లో డ్యూటీ నుంచి నేరుగా ఆసుపత్రి యూనిఫాంలోనే వచ్చిన ఒక నల్లజాతి తల్లి మైకు తీసుకుని, "మా కిటికీలోంచి ఆ స్కూల్ కనిపిస్తుంది, మా అబ్బాయి మాత్రం రోజూ దాని ముందు నుంచే బస్సులో ఇంకెక్కడికో వెళ్తాడు, మీరు ట్రాఫిక్ అంటున్నది వాడినేనా?" అని అడిగింది. ఎవరూ నోరు విప్పలేదు. ప్రతిపాదన మాత్రం ఆగిపోయింది.

ఇదేం కొత్త కాదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపుల్లో నల్లజాతివాళ్ల పేటలకు ఎర్ర రంగు వేసింది, అక్కడ ఇంటికి లోను దొరకడం గగనమైపోయింది. ఇళ్ల విషయంలో వివక్షను 1968లో నిషేధించారు గానీ, అప్పటికే ఎవరి పేటలు వాళ్లకి స్థిరపడిపోయాయి. ఆ తర్వాత 1974లో డెట్రాయిట్ కేసు. ఈ విభజనలో శివారు స్కూల్ డిస్ట్రిక్టుల (అక్కడి స్కూళ్లను నడిపే స్థానిక విభాగాల) తప్పు ఉందని రుజువు కానిదే వాటిని నగరంతో కలిపి పిల్లల్ని సర్దడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. నన్నడిగితే 1954 తీర్పుని నీరుగార్చింది ఇదే. పైగా స్కూళ్ల డబ్బులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్నుల నుంచే వస్తుంది కాబట్టి, ఖరీదైన ఇళ్లున్న చోట స్కూల్‌కి డబ్బుకి లోటుండదు.

ఇక మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇల్లు కొనే మాట వస్తే చాలు, స్కూల్ రేటింగ్ ఎంత అన్నదే మొదటి ప్రశ్న. ఆ రేటింగుల్లో పరీక్షల మార్కులదే పెద్ద పాత్ర, ఆ మార్కుల్లో తల్లిదండ్రుల సంపాదన ప్రభావం బాగా కనిపిస్తుంది. టీచర్ ఎలా చెప్తున్నారో అందులో ఎక్కడుంది? తక్కువ రేటింగ్ చూసి డబ్బున్నవాళ్లు రారు, వాళ్లు రాకపోతే రేటింగ్ పెరగదు. మీరు ఇల్లు వెతుకుతుంటే ముందు ఆ స్కూల్‌కి వెళ్లి టీచర్లతో మాట్లాడండి. మా దగ్గర ఆ ప్రతిపాదన మళ్లీ వస్తే, పక్కింటివాళ్లు పలకరించడం మానేసినా సరే, కలపమనే చెప్తాను.