పాప ఫారెస్ట్‌లోకి వెళ్తానంటోంది, పంపాలా వద్దా

అచ్చంపేట నుంచి ఒక అక్క అడిగారు. పాప ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు, ఇప్పుడు ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లోకే వెళ్తానని కూర్చుంది, వాళ్ళ నాన్నేమో "ఎండల్లో మంటలు ఆర్పుకుంటూ కంపచెట్లు కొట్టిస్తూ తిరగడం కూడా ఒక ఉద్యోగమేనా, దానికి చదువెందుకు" అంటున్నారట. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపాలా, పాప మాట వినాలా అని అడుగుతున్నారు.

అక్కా, బావగారు పని గురించి చెప్పింది కరెక్టే, దాచేదేం లేదు. కానీ చదువెందుకు అన్నారు చూడండి, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

మీది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనే కాబట్టి ఇది మీరు చూసే ఉంటారు, ఫిబ్రవరికల్లా ఆకు రాలి నేలంతా గలగలలాడుతుంటుంది, ఇప్పపువ్వు ఏరుకోడానికి కింద ఆకు కాల్చేవాళ్ళు, తునికాకు కొత్త చిగురు కోసం అంటించేవాళ్ళు, శ్రీశైలం రోడ్డు మీద కార్లోంచి బీడీ ముక్క విసిరేసి పోయేవాళ్ళు, మంటలు దాదాపు అన్నీ మనిషి చేతుల్లోంచి వచ్చేవే. అందుకే అడవి ఎండిపోకముందే రోడ్ల పక్కన, బీట్ల (ఒక్కో ఆఫీసర్ చూసుకునే అడవి ముక్కల) మధ్యన ఆకు ఊడ్చి, గడ్డి కాల్చి ఫైర్ లైన్లు వేస్తారు. తర్వాత డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు శాటిలైట్‌లో వేడి కనిపించిన చోటల్లా మెసేజ్ పంపిస్తారు. అందులో విర్స్ అనే సెన్సార్ ఒక చుక్క చూపించిందంటే నేల మీద అది సుమారు 375 మీటర్ల గడి, అందులో ఎక్కడ కాలుతోందో, అసలు అడవేనా లేక ఎవరో రైతు చేలో చెత్త కాల్చుకుంటున్నాడా అన్నది బీట్ ఆఫీసరే వెళ్ళి చూసి తిరిగి రిపోర్ట్ పెట్టాలి. ఆకు మంట అయితే పచ్చి కొమ్మలతో కొడతారు, ఇప్పుడు లీఫ్ బ్లోయర్లు కూడా వచ్చాయి వీపుకి తగిలించుకుని ముందున్న ఆకుని ఎగరగొట్టేస్తారు, గాలి తిరిగితే మాత్రం ఎదురు మంట, అంటే వచ్చే మంటకి కాలడానికేం మిగలకుండా ముందే మనం పెట్టే మంట, పెట్టాల్సొస్తుంది, అది ఎక్కడ పెట్టాలి ఎటు పారిపోవాలి అన్నది తెలియనివాడు పెడితే మనుషులే పోతారు. ఈ విషయంలో చెంచు వాచర్లకి తెలిసినంత ఏ ఆఫీసర్‌కీ తెలియదని నా అభిప్రాయం, పాప రేపు డిగ్రీ పట్టుకుని వెళ్ళినా ముందు వాళ్ళ వెనకే నడవాలి.

కంపచెట్ల సంగతి ఇంకా తమాషా. అడవంతా అల్లుకుపోయే లాంటానా అనే కంపపొదని పైపైన కొట్టించారనుకోండి, వానలు పడగానే డబుల్ అయి లేస్తుంది, బిల్లు మాత్రం అయిపోతుంది. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు గారి పద్ధతిలో అయితే మట్టి కింద రెండు మూడు వేళ్ళ లోతులో తల్లివేరు నరికి, పొదని తలకిందులుగా వేర్లు ఆకాశం వైపు ఉండేలా ఎండబెడతారు, అదీ కాయ పండకముందే, పండితే పిట్టలు తిని అడవంతా నాటేస్తాయి. తర్వాత కూడా మొలకలు పీకుతూ, ఖాళీ అయిన చోట లోకల్ గడ్డి పెంచుతూ ఉండాలి, లేకపోతే జింకలకి మేత ఉండదు, పైగా ఎండిన లాంటానా ఉంటే నేల మీది మంట చెట్టు పైకెక్కుతుంది. బావగారికి ఇది చెప్పండి, చదువు ఎందుకో అర్థమవుతుంది.

అడవిపందులు ఇంకో తలనొప్పి. మక్క చేను పాడైన రైతు కోపంగా ఉంటాడు, న్యాయమే. కానీ అడవిపంది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 2లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ కారణాలు రాసి పర్మిషన్ ఇస్తేనే చంపాలి. రైతు ఆగలేక కరెంటు తీగ పెడితే పందితో పాటు పులీ పోతుంది పక్క చేను మనిషీ పోతాడు, రాత్రి పూట ఆ తీగలు వెతకడమూ డ్యూటీయే. ఆడపిల్ల కదా అని మీకు భయం ఉంటుంది, తప్పేం లేదు, 2019లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మహిళా రేంజ్ ఆఫీసర్ మీదే కర్రలతో దాడి జరిగింది. భూమి గొడవలున్న చోట రిస్క్ ఉంది, లేదని నేను అబద్ధం చెప్పను.

ఇక దారులు. ఇంటర్‌తో బీట్ ఆఫీసర్, డిగ్రీతో సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్, పైన యూపీఎస్సీ పెట్టే ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్). బీట్ ఆఫీసర్‌కి రాతపరీక్షతో పాటు నడక ఉంటుంది, మగవాళ్ళకి 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళకి 16, నాలుగు గంటల్లో. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, దాని కోసం ఇంట్లో కూర్చోబెట్టొద్దు. నేనైతే ఎప్‌సెట్ ర్యాంకుతో ములుగు ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ళ బీఎస్సీ ఫారెస్ట్రీ ట్రై చేయమంటా (మేడారం దగ్గర ములుగు కాదక్కా, సిద్దిపేట జిల్లాది). అక్కడ రాకపోతే బాటనీ, జువాలజీ ఉన్న మామూలు డిగ్రీ చాలు, ఐఎఫ్ఎస్‌కి కూడా అర్హత వస్తుంది. పక్కన కంప్యూటర్లో మ్యాపులు గీసే క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, సాఫ్ట్‌వేర్ ఫ్రీ, నాసా ఫైర్ డేటా కూడా ఫ్రీ, నల్లమల మంటల మ్యాప్ తనే గీసుకోవచ్చు, గవర్నమెంట్ జాబ్ లేటయినా ఆ పనికి ఎన్జీఓల్లో, ప్రాజెక్టుల్లో అవకాశాలుంటాయి. లాంగ్ టర్మ్ అంటారా, సీటుకి బాగా దగ్గర్లో ఆగిపోయి, పాపకి కూడా మనసుంటేనే, అదీ ఒక్క ఏడాదే.

ఈలోపు పాప హైట్ ఒకసారి కరెక్ట్‌గా కొలిచి పెట్టండి, బీట్ ఆఫీసర్‌కి ఆడపిల్లలు 150 సెంటీమీటర్లు ఉండాలి, ఎస్టీలకి సడలింపు ఉంటుంది. తక్కువుంటే ఆ యూనిఫామ్ దారి పక్కన పెట్టి మ్యాపులు, రీసెర్చ్ వైపు ప్లాన్ చేద్దాం.