బ్లాక్ బోర్ చేయించే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి,

జయపురం నుంచి మావయ్య ఆశీస్సులు. మీ తాతగారి బుల్లెట్‌ని షెడ్డులోంచి బయటకు తీశావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. స్టార్ట్ చేయగానే నీలం పొగ కమ్మేసిందనీ, రాయగడ మెకానిక్ "రింగులు పోయాయి, బ్లాక్ బోర్ చేయించి క్రాంక్ కూడా కొత్తది వేసేద్దాం" అన్నాడనీ రాశావు. బోర్ చేయించడమంటే పిస్టన్ ఆడే బ్లాక్ లోపలి గోడను కోసి వెడల్పు చేయడం. రింగులు పిస్టన్ చుట్టూ ఉండి సందు మూసేవి, క్రాంక్ పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు. ఇంకా ఏమీ ఒప్పుకోకు. ముందు విప్పాలి, కడగాలి, కొలవాలి, కొలతలు కాగితం మీద రాసుకోవాలి. ఏ పార్టు మార్చాలో ఆ తర్వాత తేలుతుంది. కొలవకుండా ఒక్క పార్టు కూడా కొనొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ తాతగారి బండిది పోత ఇనుము బ్లాక్. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన దగ్గర్నుంచి తయారైన ఇలాంటి పోత ఇనుము 350 బుల్లెట్లలో బోరు, అంటే బ్లాక్ లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. బోరు వెడల్పు చేశాక వేసే పెద్ద, అంటే ఓవర్‌సైజ్ పిస్టన్లు స్టాండర్డ్ కన్నా 20, 40, 60 థౌ ఎక్కువ కొలతల్లో దొరుకుతాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటరు. అంటే స్టాండర్డ్ బ్లాక్‌కి మూడు బోరింగులే ఆయుష్షు. ఆపైన లోపల కొత్త ఇనుప గొట్టం, అంటే స్లీవ్, వేయించుకోవాలి. అక్కర్లేకుండా ఒకసారి బోర్ చేయిస్తే అందులో ఒకటి ఖర్చయిపోయినట్టే. కాబట్టి హెడ్ (బ్లాక్ పైమూత) తీయగానే పిస్టన్ తల గుడ్డతో తుడిచి చూడు. ఓవర్‌సైజ్ అయితే మామూలుగా అక్కడ అంకె కొట్టి ఉంటుంది. అంకె లేకపోతే స్టాండర్డ్ కావచ్చు, కొలిస్తే తెలుస్తుంది.

ఇక పొగ సంగతి. ఆ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, చాంబర్ (క్రాంక్ ఉండే ఇంజన్ కింది పెట్టె) వెనక భాగంలోనే ఉంటుంది. బండి ఏళ్ల తరబడి కదలకపోతే ఆ నూనె పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ ఉన్న గదిలోకి దిగిపోతుంది. అలాంటప్పుడు కిక్ కొడితే నూనె పైకి చిమ్మి పొగ రాక ఏమవుతుంది? కింది డ్రెయిన్ బోల్టు తీసి ఆ నూనె వంచేసి, కొత్త నూనె పోసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి అప్పుడు పొగ చూడు. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు మీద అనుమానం. సుంకి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసి ఉంచి, కింద మళ్లీ ఇవ్వగానే గుప్పున ఒక్కసారి వస్తే ఇన్లెట్ వాల్వు గైడు, అంటే వాల్వు కాడ ఆడే గొట్టం, అరిగినట్టు. మూసినప్పుడు లోపల ఏర్పడే వాక్యూమ్ గైడు సందులోంచి నూనెను లాగేస్తుంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. గైడు అరిగితే బ్లాక్ బోర్ చేయించి లాభం లేదు.

హెడ్ తీయకముందే ఇంకో పరీక్ష కూడా చేసుకో. కంప్రెషన్ తక్కువగా అనిపిస్తే ప్లగ్గు తీసి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ లోపల పోసి మళ్లీ కిక్ నొక్కి చూడు. కంప్రెషన్ పెరిగిందంటే లీకు రింగుల దగ్గర. పెరగకపోతే వాల్వుల దగ్గర.

వంచిన పాత నూనెను పారబోయొద్దు. తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడు. ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే బుష్షులు (ఇరుసులు ఆడే చిన్న గొట్టాలు) అరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకునే తునకలు గేర్లవో, బేరింగులవో అయి ఉంటాయి. అంటుకోని బూడిద రంగు పొడి అయితే పిస్టన్‌ది. ఏం కనిపించిందో అదే కాగితం మీద రాసుకో.

బ్లాక్ బయటకు తీశాక కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పై అంచు దగ్గర లోపలి గోడ మీద గోరుతో గీకి చూడు. గోరుకు మెట్టు తగులుతుంది. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోటికి పైన, రింగు తగలని సన్నటి పట్టీ ఉంటుంది. అది అరగదు. దాని కిందే అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. మంట ఒత్తిడి రింగును గోడకేసి నొక్కేది అక్కడే, పిస్టన్ ఒక క్షణం ఆగేదీ అక్కడే, నూనె పొర పలచబడేదీ అక్కడే. అందుకే బోరు పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా అరుగుతుంది. చుట్టూ కూడా సమానంగా అరగదు. మండేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వాలు పిస్టన్‌ను వెనక గోడకేసి తోస్తుంది కాబట్టి వెనకవైపు ఎక్కువ తింటుంది. బోర్ గేజ్‌తో కొలిచేటప్పుడు పైన, మధ్యలో, కింద అని మూడు ఎత్తుల్లో, ఒక్కో చోట ముందు నుంచి వెనక్కి ఒకసారి, ఎడమ నుంచి కుడికి ఒకసారి కొలవాలి. ఆరు అంకెలు వస్తాయి. ఒక్క చోట కొలిచి "అరిగింది" అనేవాడి మాట నమ్మకు.

మన ప్రాంతపు బళ్లలో పైభాగం అరుగుదల ఇంకా ఎక్కువగా చూశాను. కోరాపుట్, దమన్‌జోడి వైపు రోడ్ల మీద లేచేది ఎర్ర దుమ్ము. దుమ్ములో ఉండే సన్నటి ఇసుక రేణువులు గట్టివి, సానపట్టే కాగితంలా గీస్తాయి. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, కార్బరేటర్ దగ్గర రబ్బరు గొట్టం పగిలినా ఆ దుమ్ము గాలితోపాటు లోపలికి పోయి ముందు పై రింగునూ, బోరు పైభాగాన్నీ, ఇన్లెట్ గైడునూ తింటుంది. పై రింగు బాగా పలచబడి కింది రింగులు బాగానే ఉన్నాయంటే దుమ్ము పని అనుకో. అప్పుడు ఫిల్టర్, గొట్టం మార్చకుండా బోర్ చేయిస్తే కొత్త పిస్టన్ కూడా అలాగే పోతుంది.

బోర్ గేజ్ నీ దగ్గర లేదు కదా. రింగు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల కట్ట) ఉంటే చాలు, అరుగుదల లెక్క కట్టొచ్చు. ఒక రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో తోసి సమంగా కూర్చోబెట్టు. ముందు బాగా కిందికి, రింగులు ఎప్పుడూ తగలని చోటికి తోసి, రింగు రెండు కొనలు ఎదురయ్యే మూతి దగ్గర ఫీలర్‌తో గ్యాప్ చూడు. తర్వాత పైన, మెట్టుకు కొంచెం కింద పెట్టి మళ్లీ చూడు. రెండింటి తేడాను 3.14తో భాగించు. వచ్చింది బోరు వెడల్పులో పెరుగుదల. ఉదాహరణకి కింద 12 థౌ, పైన 30 థౌ వస్తే తేడా 18. భాగిస్తే ఐదున్నర పైచిలుకు, అంటే దాదాపు 0.15 మిల్లీమీటర్లు. చుట్టుకొలత మొత్తానికీ కలిపి వచ్చే లెక్క కాబట్టి బోరు ఒక పక్కకే అరిగి కోలగా మారితే ఇది చూపించదు. కానీ బోరింగ్ షాపుకు వెళ్లాలా వద్దా అనేది తేల్చుకోవడానికి సరిపోతుంది.

నా లెక్క ఇదీ. నాలుగు థౌల లోపు అరుగుదల ఉండి, గోడ మీద గీతలు లేకపోతే కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చు. ఆరు దాటితే బోరింగే. మధ్యలో ఉంటే పిస్టన్ ఎలా ఉందో చూసి చెబుతాను. రింగులే మార్చినా పైన ఉన్న మెట్టు తీయించు. కొత్త రింగుకు అంచు పదునుగా ఉంటుంది, మెట్టుకు తగిలి విరుగుతుంది. కొత్త రింగు మూతి గ్యాప్ అంగుళం బోరుకు సుమారు నాలుగు థౌలు లెక్కన నీ బండికి 11 థౌల దగ్గర ఉండాలి. అంతకన్నా తక్కువ వస్తే మూతిని సన్న ఆకురాయితో జాగ్రత్తగా అరగదియ్యి. వేడికి మూతులు కలుసుకుంటే రింగు పట్టేస్తుంది.

ఇంకొక్క విషయం, నీ బండికి ముఖ్యం. ఏళ్లుగా ఒకేచోట నిలబడ్డ ఇంజన్‌లో పిస్టన్ ఆగిన చోట రింగుల వెంబడి తుప్పు గాట్లు పడతాయి. కొలత స్టాండర్డే వచ్చినా, గోరుకు తగిలేంత లోతు గాట్లుంటే బోరింగ్ తప్పదు. మరకలా ఉండి గోరుకు తగలకపోతే హోనింగ్‌తో, అంటే బోరు గోడను సానరాళ్లతో సన్నగా రుద్దితే, పోతుంది.

ఎండలో పెట్టిన బ్లాక్‌ను వెంటనే కొలవొద్దు. ఇరవై డిగ్రీల తేడాకు 70 మిల్లీమీటర్ల ఇనుప బోరు 0.015 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అల్యూమినియం పిస్టన్ దానికి దాదాపు రెట్టింపు పెరుగుతుంది. బ్లాక్, పిస్టన్, మైక్రోమీటర్ మూడింటినీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి పొద్దున్నే కొలువు.

పిస్టన్ సరిగ్గా గుండ్రంగా ఉండదు. కొంచెం కోలగా, పైన సన్నగా ఉండేలా చేస్తారు. దాన్ని రాడ్‌కు కలిపే పిన్నుకు అడ్డంగా, రింగుల కింద ఉండే స్కర్ట్ కింది భాగంలో కొలవాలి. కొలవడం కన్నా ముందు దాని మీది మరకలు చదువు. రింగుల కింద గోధుమరంగు చారలుంటే మంట గ్యాస్ కిందికి జారుతోంది. నాలుగు మూలలా రాపిడి ఉంటే ఎప్పుడో బిగుసుకుంది. ఒక పక్క పైన, ఎదురు పక్క కింద ఏటవాలుగా అరిగిందంటే మాత్రం అక్కడితో ఆగి కనెక్టింగ్ రాడ్ వంగిందేమో చూపించు. రాడ్ సరిచేయకుండా బోర్ చేయించడం డబ్బు దండగ. పై గాడిలో కొత్త రింగు పెట్టి పక్క సందు కూడా చూడు. రెండు మూడు థౌలుంటే మంచిది, ఆరు వస్తే ఆ పిస్టన్ వద్దు.

క్రాంక్ మార్చాలన్నాడు కదా, అది ఎలా తేల్చాడో అడుగు. బిగ్ ఎండ్, అంటే రాడ్ కింది చివర క్రాంక్‌కు తగిలే బేరింగ్, చూసే ముందు దాన్ని కిరసనాయిలుతో కడగాలి. చిక్కటి నూనె సందును నింపేసి లూజును దాచేస్తుంది. కడిగాక రాడ్‌ను పై స్థానంలో ఉంచి, రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగి చూడు. టక్కుమని తగిలితే బిగ్ ఎండ్ పోయినట్టే. పక్కలకు కొంచెం జరగడం ఉండాల్సిందే. దాన్ని చూసి భయపడి క్రాంకులు మార్పించుకున్న వాళ్లు నాకు తెలుసు. రాడ్ పై చివర (పిస్టన్ వైపు) బుష్షులో పిన్ను బొటనవేలితో తోస్తే వెళ్లాలి, ఊగకూడదు. క్రాంక్ పిన్ మార్చడం, ఫ్లైవీల్స్‌ని డయల్ గేజ్ మీద సరిచేయడం ఇంటి పని కాదు, ప్రెస్సు ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

బిగ్ ఎండ్ పోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం నూనె అందకపోవడం. టైమింగ్ కవర్ విప్పినప్పుడు క్రాంక్ చివర తగిలే చిన్న సీలు ఒకటి ఉంటుంది, పాత వాటిలో కార్క్. పంపు నుంచి బిగ్ ఎండ్‌కి నూనె ఆ దారినే పోతుంది. అది ఎండిపోతే నూనె పక్కకు జారిపోతుంది. కవర్ తీసిన ప్రతిసారీ కొత్తది వెయ్యి. పంపులను నడిపే వర్మ్ నట్టుకు ఎడమ మర ఉంటుంది. మామూలు నట్టులా తిప్పి బలం చేస్తే విరిగిపోతుంది. మెకానిక్ విప్పుతున్నా నువ్వు పక్కనే ఉండి చెప్పు.

వాల్వుల దగ్గర పెద్ద పని లేదు. వాల్వును సీటు నుంచి కొంచెం పైకెత్తి పక్కలకు ఊపి చూడు. బాగా ఊగితే గైడు మార్చాలి, గైడు మార్చాక సీటు కట్ చేయించాలి. హెడ్ తిప్పి పెట్టి, ప్లగ్గు బిగించి, కిరసనాయిలు పోసి కాసేపు ఉంచితే పోర్టుల్లోకి కారుతుందో లేదో తెలుస్తుంది.

అన్నీ చూశాక బోరింగే అని తేలితే, ముందు పిస్టన్ కొని బ్లాక్‌తోపాటు షాపుకు తీసుకెళ్లు. పెట్టె మీది అంకె చూసి కాదు, చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గ గ్యాప్‌తో బోర్ చేయాలి. సాలూరులో లారీ ఇంజన్ల పని చేసే షాపులున్నాయి. పార్వతీపురం మీదుగా నీకు దారి కూడా సులువు. కానీ లారీ బ్లాక్‌కి పెట్టే గ్యాప్ వేరు, నీ బండిది గాలికి చల్లబడే ఇంజన్ అని ముందే చెప్పు. హోనింగ్ అయ్యాక గోడ మీద అడ్డదిడ్డంగా సన్న గీతలు కనిపించాలి, రింగులు కూర్చోవడానికి అవే ఆధారం. ఆ గీతల్లో రాయి పొడి ఇరుక్కుని ఉంటుంది. అది పెట్రోలుతో పోదు. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్దు. తెల్లటి బనియన్ గుడ్డకు నూనె రాసి తుడిస్తే గుడ్డ తెల్లగా ఉండేదాకా కడుగుతూనే ఉండు. కడిగి ఆరగానే నూనె పుయ్యి, లేదంటే గంటలోనే తుప్పు పడుతుంది.

ఈ ఆదివారం రింగు కొలతలు తీసి, ఆరు అంకెలకు బదులు ఆ రెండూ ఫోన్‌లో పంపు. పిస్టన్‌ను నాలుగు వైపులా పగటి వెలుతురులో ఫోటో తియ్యి. దసరా సెలవులకు మీరు ఇక్కడికి వస్తున్నారని అక్క అంది. అప్పటిదాకా పార్టులేవీ కొనకుండా బ్లాక్, పిస్టన్ పాత దుప్పట్లో చుట్టి తీసుకురా. నా దగ్గర బోర్ గేజ్, మైక్రోమీటర్ ఉన్నాయి. ఇద్దరం కూర్చుని కొలుద్దాం.

అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య