హెచ్ పైలోరీకి మూడు మందుల కోర్సా, నాలుగు మందుల కోర్సా?

హెచ్ పైలోరీ అంటే కడుపులో చేరి పుండ్లు కలిగించే బ్యాక్టీరియా. దాన్ని చంపడానికి మూడు మందుల కోర్సు తేలిక కదా, నాలుగు మందులది ఎందుకు మింగాలి అని అడిగారు. నేను రెండూ మింగాను. నా మాట ఇది: మీ కడుపులో ఉన్న బ్యాక్టీరియాపై క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ పనిచేస్తుందని పరీక్షలో తేలితే తప్ప మూడు మందుల జోలికి వెళ్లవద్దు.

ఎండోస్కోపీలో పుండు కనిపించాక నాకు మొదట రాసింది ఆ మూడే. క్లారిథ్రోమైసిన్, అమాక్సిసిలిన్, ఆమ్లం తగ్గించే మాత్ర, పూటకు ఒకసారి చొప్పున రెండు పూటలా, 14 రోజులు. ఒక్కటీ వదలలేదు. రాత్రి మెలకువ వస్తే తుప్పు పట్టిన మేకు చప్పరిస్తున్నట్లు నోరంతా చేదు. అంతా భరించి, నెల దాటాక శ్వాస పరీక్ష చేయించుకుంటే బ్యాక్టీరియా అలాగే ఉంది.

తర్వాత చూసిన వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, "ఇంతకుముందు దగ్గుకో గొంతు నొప్పికో అజిత్రోమైసిన్ వాడారా?" అని. ఎన్నిసార్లు వాడానో లెక్కే లేదు. అదీ, నాకు రాసిన క్లారిథ్రోమైసినూ ఒకే కుటుంబానివి. ఒకదానికి మొండికేసిన బ్యాక్టీరియా సాధారణంగా రెండోదానికీ లొంగదు. మందు అతుక్కోవలసిన చోటే మారిపోతుంది కనుక మోతాదు పెంచినా ప్రయోజనం ఉండదు. నాలుగు మందుల కోర్సులో ఉండే మెట్రోనిడజోల్ అలా కాదు. దానికి కొంత అలవాటు పడిన బ్యాక్టీరియా కూడా మోతాదు పెంచి, అదే కోర్సులోని బిస్మత్ అనే మందు తోడిచ్చి, పూర్తి రోజులు వాడితే చాలావరకు దారికి వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న మొదటిసారే అడిగి ఉంటే నాకు ఆ రెండు వారాలు మిగిలేవి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

రెండో కోర్సు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం మాత్ర. మా ఆవిడ కాగితం మీద రోజుకు నాలుగు చొప్పున 56 గడులు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మింగినప్పుడల్లా ఒక గడి కొట్టేయాలి. నాలుగో రోజు తెల్లవారుజామున మలం నల్లగా, బొగ్గులా పడింది. పుండు నుంచి రక్తం కారితే మలం నల్లబడుతుందని చదివి ఉన్నాను. కాళ్లు వణికాయి. గోడ పట్టుకుని వచ్చి వైద్యురాలికి ఫోను చేశాను. "జిగటగా, తారులా ఉందా? భరించలేని వాసనా? కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగారు. ఏదీ లేదన్నాను. అది బిస్మత్ రంగేనని చెప్పారు. అద్దంలో చూసుకుంటే నాలుక కూడా నల్లగానే ఉంది. నోట్లో, పేగుల్లో ఉండే గంధకంతో కలిసి బిస్మత్ నల్లబడుతుందట. చీటీ రాసేటప్పుడే ఈ ముక్క చెబితే ఏం పోయింది? సగంలో మందులు మానేసేవాళ్లలో ఇలా భయపడి మానేసేవాళ్లే ఎక్కువని నా గట్టి నమ్మకం. అయితే ఆవిడ అడిగిన మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తొమ్మిదో రోజుకు వికారంతో మానేయాలనిపించింది. ఫ్రిజ్ మీద ఖాళీ గడులు చూసి కొనసాగించాను. టెట్రాసైక్లిన్‌ను పాలతో, క్యాల్షియం, ఇనుము మాత్రలతో కలిపి మింగితే ఒంటికి సరిగా పట్టదు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో మద్యం ముట్టవద్దు. గర్భిణులకు టెట్రాసైక్లిన్ పనికిరాదు. పెన్సిలిన్ పడనివారికి మాత్రం ఈ కోర్సే అక్కరకు వస్తుంది, ఇందులో అమాక్సిసిలిన్ లేదు కాబట్టి.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోకండి. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో తెలియనప్పుడు మొదటి చికిత్సగా బిస్మత్ ఉన్న నాలుగు మందుల కోర్సునే 14 రోజులు ఇవ్వాలని అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2024లో సిఫారసు చేసింది.

ఇంకొక మాట. కోర్సు అయ్యాక రక్త పరీక్ష చేయించి "ఇంకా ఉంది" అని మళ్లీ మందులు మింగేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బ్యాక్టీరియా చచ్చాక కూడా దానిపై పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రక్తంలో చాలా కాలం ఉంటాయి, రక్త పరీక్షలో కనిపించేవి అవే. శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకోండి. అదీ యాంటీబయోటిక్స్, బిస్మత్ ఆపిన నాలుగు వారాలకు, ఆమ్లం మాత్ర ఆపిన రెండు వారాలకు. అంతకంటే ముందు చేయిస్తే బ్యాక్టీరియా ఉన్నా లేనట్లు రావచ్చు. నేను ఈసారి ఆరో వారంలో ఊదాను. నెగెటివ్ వచ్చాకే ఫ్రిజ్ మీద కాగితం తీశాను.