ఆంగ్లికన్ చర్చిలో బాప్టిస్టువాళ్ళు బల్ల తీసుకోవచ్చా?

వందనాలు బ్రదర్. మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ: ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘంలో పెరిగారు, బాప్తిస్మం అయింది, ఇప్పుడు చదువుకి ఇంగ్లండ్ వచ్చారు, రూముకి నడిచి వెళ్ళే దూరంలో ఉన్నది ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు చర్చి, ఒక్కటే. అక్కడ బల్ల (ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవచ్చా, వాళ్ళు కూడా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కు) వాళ్ళలాగా రొట్టె నిజంగానే శరీరంగా మారిపోతుందని నమ్ముతారా, మోకాళ్ళ మీద తీసుకుంటే రొట్టెకి మొక్కినట్టు కాదా అని మీ టెన్షన్.

మొదటిదానికి ఒక్క మాటలో చెప్పేస్తా. తీసుకోవచ్చు. త్రిత్వాన్ని నమ్మే ఏ సంఘంలోనైనా బాప్తిస్మం పొంది, తమ సొంత సంఘంలో బల్ల తీసుకుంటున్నవాళ్ళు తమ దగ్గర కూడా తీసుకోవచ్చని ఇంగ్లండు చర్చి 1972లోనే రూలు పెట్టుకుంది. బాప్తిస్మానికి నీళ్ళలో ముంచారా, నీళ్ళు చిలకరించారా అని నన్నయితే ఈ పన్నెండేళ్ళలో ఎవరూ అడగలేదు.

మిగతా రెండిటికీ కొంచెం ఓపిక కావాలి.

మాది సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), డోర్నకల్ బిషప్ కింద ఉండే డయాసిస్‌లో ఒక పల్లెటూరు. మా గుడిలో నెలకి మొదటి ఆదివారం సంస్కారం, అంటే ఇదే బల్ల. శనివారం సాయంత్రం అమ్మగారు (పాస్టరుగారి భార్య) ఎండుద్రాక్ష మరగబెట్టి, చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టేవారు. ఆ వాసనకి పిల్లలమంతా వాళ్ళింటి చుట్టూ తిరిగేవాళ్ళం. మా నాయనమ్మ ఆదివారం సంస్కారం అయ్యేదాకా టీ చుక్క కూడా ముట్టేది కాదు. పక్కింటావిడతో మాటపట్టింపు ఉంటే శనివారం రాత్రే వెళ్ళి మాట కలిపి వచ్చేది. కొరింథీ పత్రికలో బల్లని ‘అయోగ్యముగా’ తీసుకోవద్దన్న మాటంటే ఆమెకి అంత భయం. రొట్టె శరీరమవుతుందా కాదా అని ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడిగినట్టు లేదు.

ఇక్కడికొచ్చిన మొదటి ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. మా ఊళ్ళో అయ్యగారే (పాస్టరుగారే) రొట్టె ముక్కని ద్రాక్షారసంలో ముంచి నోట్లో పెట్టేవారు. ఇక్కడ ప్రీస్టు అరచేతిలో వేఫర్ (పల్చటి రొట్టె బిళ్ళ) పెట్టి ముందుకి వెళ్ళిపోయాడు. వెనకే గిన్నె పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నేనే ముంచుకోవాలి కాబోలనుకుని వేఫర్‌తో పాటు రెండు వేళ్ళు కూడా మునిగేదాకా ముంచేశాను. ఆవిడ ఏమీ అనలేదు. తన చేతిలో ఉన్న తెల్లగుడ్డతో నా వేళ్ళు తుడిచి, గిన్నె అంచు తుడిచి, గిన్నెని కాస్త తిప్పి పక్కాయనకి అందించింది. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత టీ దగ్గర ఆవిడే వచ్చి, వచ్చేవారం గిన్నె అడుగున చెయ్యేసి మెల్లగా పెదాల దగ్గరికి తెచ్చుకో, నేను వదలను అంది.

కానీ ఆరోజు నా మనసులో నిలిచిపోయింది ప్రీస్టు వేఫర్ పెడుతూ అన్న మాట. అది పొద్దున ఎనిమిదింటి ఆరాధన, 1662 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం జరుగుతుంది. అందులో ఒక్కొక్కరికీ చెప్పే వాక్యం పొడుగు, రెండు సగాలుగా ఉంటుంది. తెలుగు అనువాదం నాది: ‘నీ కొరకు ఇయ్యబడిన మన ప్రభువైన యేసుక్రీస్తు శరీరము నీ శరీరమును ఆత్మను నిత్యజీవమునకు కాపాడును గాక. క్రీస్తు నీ కొరకు చనిపోయెనని జ్ఞాపకము చేసికొని దీనిని తీసికొని తినుము. విశ్వాసముచేత నీ హృదయములో కృతజ్ఞతతో ఆయనను భుజించుము.’

మొదటి సగం వింటే ఇది శరీరమే అంటున్నారనిపిస్తుంది. రెండో సగం వింటే మీ పాస్టరుగారు చెప్పే జ్ఞాపకార్థమే కదా అనిపిస్తుంది. మీ రెండో ప్రశ్నకి ఆంగ్లికన్లు ఇచ్చే జవాబు నా లెక్కలో ఈ రెండు సగాల మధ్య ఉన్న అతుకే.

ఆ అతుకు ఎలా పడిందో చెప్తా. 1549లో ఆర్చిబిషప్ క్రాన్మర్ తెచ్చిన మొదటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో మొదటి సగం మాత్రమే ఉండేది. మూడేళ్ళకే, 1552లో, అది తీసేసి రెండో సగం పెట్టారు. తర్వాత కాథలిక్కు అయిన మేరీ రాణి వచ్చి మొత్తం పుస్తకాన్నే పక్కన పడేసింది. క్రాన్మర్‌ని 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. 1559లో ఎలిజబెత్ రాణి కాలంలో పుస్తకం తిరిగొచ్చినప్పుడు, ఏ సగాన్నీ వదులుకోకుండా రెండిటినీ పక్కపక్కన పెట్టి కలిపేశారు. రాజకీయపు రాజీ అంటారు కొందరు. రాజీయే, కాదనను. కానీ మోకాళ్ళ మీద ఉన్న మనిషికి అదొక్కటే వాక్యంగా వినపడుతుంది.

గీతలు అసలు లేవని కాదు. వాళ్ళ నమ్మకాలు రాసుకున్న 39 ఆర్టికల్స్‌లో 28వది రొట్టె, ద్రాక్షారసాల పదార్థమే మారిపోతుందన్న రోమన్ సిద్ధాంతాన్ని లేఖన విరుద్ధమని తోసేస్తుంది. అదే ఆర్టికల్, క్రీస్తు శరీరం బల్ల దగ్గర ఇవ్వబడుతుంది, తీసుకోబడుతుంది, తినబడుతుంది, అయితే పరలోక సంబంధంగా, ఆత్మసంబంధంగా మాత్రమే అంటుంది. అంటే ఉత్త గుర్తు కూడా కాదు. ఆ శతాబ్దం చివర్లో రిచర్డ్ హుకర్ అనే పండితుడు, క్రీస్తు సన్నిధిని రొట్టెలో వెతకొద్దు, యోగ్యంగా తీసుకునే మనిషిలో వెతకండి అన్నాడు. నాకు వెంటనే శనివారం రాత్రి పక్కింటికి వెళ్ళే నాయనమ్మ గుర్తొచ్చింది.

ఇక మీరు చూడబోయేది ఏ రకం చర్చి అన్నది అదృష్టం. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఉద్యమం తర్వాత కొన్ని చర్చీలు పాత కాథలిక్కు పద్ధతుల వైపు తిరిగాయి. ధూపం, గంట, మిగిలిన రొట్టెని దాచే చిన్న పెట్టె, దాని ముందు దీపం. ఆరాధనని మాస్ అనే అంటారు. అదే వీధి చివర ఇంకో చర్చిలో మామూలు బల్ల, గిటార్, ‘ప్రభు భోజనం’. ఇద్దరికీ బిషప్ ఒకరే! పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ఆచారాల మీద కోర్టు కేసులు నడిచి కొందరు ప్రీస్టులు జైలుకి కూడా వెళ్ళారు. ఇప్పుడు అంత వేడి లేదు.

మోకాళ్ళ సంగతి. మీ ప్రశ్న మీకంటే ముందు జాన్ నాక్స్ అనే స్కాట్లండు సంస్కర్త అడిగాడు. 1552 పుస్తకం అచ్చుకి వెళ్ళాక ఆయన మోకాళ్ళూనడం మీద గట్టిగా ప్రసంగిస్తే, ఇది వినయానికీ కృతజ్ఞతకీ గుర్తే తప్ప రొట్టెకి ఆరాధన కాదని చివరి నిమిషంలో ఒక నోటు ఇరికించారు. 1559లో ఆ నోటు పోయింది, 1662లో కొద్ది మార్పుతో మళ్ళీ వచ్చింది. మీకు ఇంకా మనసొప్పకపోతే నిలబడి తీసుకోండి. ఇప్పుడు చాలామంది నిలబడే తీసుకుంటారు.

ఇక్కడ మన కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. డోర్నకల్ మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య, 1912లో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన సంఘాల ఐక్యత కోసం అంత పట్టుపట్టింది ఎందుకంటే, ఈ ఊళ్ళో ఆంగ్లికన్ మిషను, ఆ ఊళ్ళో మెథడిస్టు మిషను అని తెల్లవాళ్ళు పంచుకున్న లెక్కల వల్ల మనవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోలేకపోయారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్‌ఐ పుట్టింది. ఆయన 1945లోనే పోయారు, చూడలేదు. (మీ బాప్టిస్టులు అందులో చేరలేదు, అది వేరే కథ!) ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంగ్లండు చర్చి మనతో పూర్తి సహవాసానికి వెనకాడింది, బిషప్ తలమీద చేతులుంచి అభిషేకించని పాస్టర్లు మనలో ఉన్నారని. అయినా 1950లో సీఎస్‌ఐ తయారుచేసుకున్న ప్రభు భోజన క్రమం వాళ్ళ పండితులకి బాగా నచ్చింది. ప్రీస్టు బల్ల వెనక జనం వైపు తిరిగి నిలబడటం, బల్లకి ముందు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం చెప్పుకోవడం ఆ క్రమంలో ఉన్నాయి. ఇప్పుడు ఇంగ్లండులో చాలాచోట్ల మామూలయ్యాయి. పక్కవాళ్ళు చెయ్యి చాచి ‘పీస్’ అన్నప్పుడల్లా, ఇది మా ఊరి నుంచి కూడా వచ్చిందర్రా అనాలనిపిస్తుంది నాకు.

ఆచరణలో కొన్ని మాటలు. ఇక్కడిది నిజం వైనే, పులిసిన ద్రాక్షారసమే వాడాలని వాళ్ళ నియమం. మీరు మద్యం ముట్టనివాళ్ళయితే వేఫర్ ఒక్కటే తీసుకుని గిన్నె వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపితే చాలు, సగమే తీసుకున్నట్టు ఎవరూ అనుకోరు. కోవిడ్ అప్పుడు 2020 మార్చి నుంచి చాలాకాలం అందరం రొట్టె మాత్రమే తీసుకున్నాం. అసలేదీ వద్దనుకుంటే చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళ్ళండి, ప్రీస్టు దీవించి పంపిస్తారు. ఆరాధన అయ్యాక వెంటనే లేవకుండా ఒకసారి బల్ల వైపు చూడండి. మిగిలిన ద్రాక్షారసం పారబోయరు. ప్రీస్టే తాగి, గిన్నెలో నీళ్ళు పోసి తిప్పి ఆ నీళ్ళు కూడా తాగి, గుడ్డతో తుడిచి పెడతారు. ఉత్త జ్ఞాపకార్థమే అనే చర్చీల్లో కూడా నేను ఇది చూశాను.

తీసుకునేటప్పుడు ఇక్కడి అలవాటు ప్రకారం ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి ఉండేట్టు చేతులు పెట్టండి. వేఫర్ అంగిలికి అతుక్కుంటుంది. గోరుతో గీకబోకండి, గిన్నె మీ దాకా వచ్చేలోపు అదే మెత్తబడుతుంది.